రెండో పుస్తకం

కొత్త భాషకి మొదటి పుస్తకాన్ని మనం పెద్దగా ఎంచుకోం. ఎవరో ఇస్తారు, లేకపోతే ఎదురుగా ఉన్నది తీసుకుంటాం. పలకరింపు, పేరు, ఊరు, కాఫీ కావాలా టీ కావాలా. ఏ పుస్తకం తెరిచినా అక్కడే మొదలవుతుంది. రెండో పుస్తకం దగ్గరికి వచ్చేసరికి ఆగాల్సి వస్తుంది. ఈ భాషతో నాకేం పని, ఎంత దూరం పోవాలి, ఎవరితో మాట్లాడాలి అన్నది తేలకుండా ఆ పుస్తకం కొనలేం. పోలిష్ విషయంలో ఆ ప్రశ్నలకి నేను చాలాకాలం పైపై జవాబులే చెప్పుకున్నాను. అడిగినవాళ్ళకి మనవడి కోసం అనేదాన్ని. విన్నవాళ్ళు మెచ్చుకునేవాళ్ళు. ఆ మెప్పు బాగానే ఉండేది కాబట్టి ఇంకాస్త లోపలికి చూసుకోవాలని అనిపించలేదు.

పుట్టింది జగ్గయ్యపేటలో. ఉద్యోగమంతా నందిగామ చుట్టుపక్కల బడుల్లో, తెలుగు టీచరుగా. మా అమ్మాయి, అల్లుడు పోలండ్‌లోని క్రాకోవ్‌లో ఉద్యోగాలు చేస్తున్నారు. పిల్లాడు అక్కడి శిశు పాఠశాలకి వెళ్తాడు. దాన్ని వాళ్ళు ‘ప్షెత్‌ష్కోలె’ అంటారు. అమ్మాయి అక్కడికి వెళ్ళిన కొత్తలో చదివి పక్కన పెట్టిన ‘పోల్స్కి క్రోక్ పో క్రోకు’ మొదటి భాగం ఓ సెలవుల్లో మా ఇంటికి వచ్చి ఇక్కడే ఉండిపోయింది. రిటైరయ్యాక దాన్ని తీశాను. పూర్తి చేశాను. ఆ తర్వాతే చిక్కు మొదలైంది.

మొదటి పుస్తకం చదివినన్నాళ్ళూ రోజుకో లాభం కనిపిస్తుంది. నిన్న రాని వాక్యం ఇవాళ వస్తుంది. మధ్య స్థాయికి చేరాక ఆ లాభం కంటికి ఆనదు. వంద మాటలు కొత్తగా నేర్చినా అవతలి మనిషి మాట వేగంలో ఏదీ చెవికి చిక్కదు. పుస్తకం మారిస్తే ఇది తీరుతుందని అందరికీ అనిపిస్తుంది. నాకూ అనిపించింది. అందుకే పుస్తకాల గురించి చదవడానికి పెట్టిన సమయం పుస్తకం చదవడానికి పెట్టిన సమయాన్ని మించిపోయింది.

నా ముందున్నవి ఇవి. ఒకటి, అదే వరసలో రెండో భాగం. ఇవోనా స్టెంపెక్, ఆమె సహ రచయిత్రుల పుస్తకం. పాఠాలు, సూచనలు, బొమ్మల కింది మాటలు అన్నీ పోలిష్‌లోనే. వ్యాకరణాన్ని పట్టికలుగా చూపిస్తుంది, వివరణ ఇవ్వదు, మాట్లాడిస్తుంది. రెండోది ‘హుర్రా పో పోల్స్కు’, మూడు భాగాల వరస. అదీ క్రాకోవ్‌లో అచ్చయ్యేదే, అదీ పూర్తిగా పోలిష్‌లోనే. మూడోది దానా బ్యెలెౘ్ ఇంగ్లీషులో రాసిన మధ్యస్థాయి వ్యాకరణ అభ్యాస గ్రంథం. ఒక్కో అధ్యాయంలో ఒక్కో నియమం, దాని కింద అభ్యాసాలు, చివర్లో జవాబులు. వీటన్నిటి వెనక కొండలా ఆస్కర్ స్వాన్ వ్యాకరణం ఉంది. అమెరికాలో పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో పోలిష్ చెప్పిన ఆచార్యుడు, 2002లో వేశాడు. అది పాఠ్యపుస్తకం కాదు, చదివి పక్కన పెట్టేదీ కాదు.

వీటిలో నా చెయ్యి ప్రతిసారీ బ్యెలెౘ్ వైపే పోయేది. ఎందుకో చెప్పాలంటే నాకు పోలిష్‌లో దొరికిన సంతోషం గురించి ముందు చెప్పాలి. అది నిజమైన సంతోషం, తక్కువ చేసి చెప్పను.

శ, ష, స విడివిడిగా పలకమని పిల్లల్ని ఏళ్ళ తరబడి బతిమాలిన నోరు నాది. మన వాడుకలో శకార షకారాలు దాదాపు కలిసిపోయాయి. పోలిష్‌లో ఆ మూడూ నిక్షేపంగా ఉన్నాయి. ‘కాస’ అంటే డబ్బు కట్టే కౌంటరు. ‘కాష’ అంటే ఉడికించుకు తినే నూక. ‘కాశ’ ఆడపిల్ల ముద్దుపేరు. పలకడం తప్పితే అర్థమే మారిపోతుంది. చాప, చుట్ట అన్నప్పుడు మనం పలికే దంత్య చకారం, అచ్చు పుస్తకాల్లోంచి ఎప్పుడో జారిపోయిన ఆ ‘ౘ’, అక్కడ రోజూ వాడే అక్షరం. ‘ౘో’ అంటే ఏమిటి. ‘నోౘ్’ అంటే రాత్రి. ఇంగ్లీషు వాళ్ళకీ జర్మన్లకీ కష్టమని పుస్తకాలు హెచ్చరించే చోట నేను తేలిగ్గా నడిచాను.

విభక్తులూ అంతే. పోలిష్‌లో ఏడు. అందులో ఒకటి సంబోధన. ప్రత్యయం చేరేముందు నామవాచకం చివరి హల్లు మారిపోతుందని చెప్పి పుస్తకం నాలుగు పేజీల పట్టిక ఇస్తుంది. మనకీ ఇల్లు ఇంట్లో అవుతుంది, ఏరు ఏట్లో అవుతుంది, చెయ్యి చేతిలో అవుతుంది. ఔపవిభక్తికాలని పదో తరగతికి చెప్పిందే. మా రెండు ఊళ్ళ పేర్లు అకారంతో ముగుస్తాయి కాబట్టి పోలిష్‌లో అవి స్త్రీలింగాల దారిలో పోతాయి. నందిగామలో అనాలంటే ‘వ్ నందిగామ్యె’. జగ్గయ్యపేటలో అనాలంటే ‘పేట’ కాస్తా ‘పేచె’ అయి ‘వ్ జగ్గయ్యపేచె’ అవుతుంది. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తండ్రి పేరు మీద బేతవోలు పక్కన కట్టించిన పేట ఓ స్లావ్ భాషలో విభక్తి పుచ్చుకుని నిలబడటం చూసి ఆ పూట ఇంకేం చదవలేకపోయాను.

ఇదంతా బ్యెలెౘ్ లాంటి పుస్తకంతోనే దొరుకుతుంది. నియమం చెబుతుంది, కారణం వెతుక్కునే చోటు ఇస్తుంది. కానీ ఒక ప్రశ్న నన్ను వదల్లేదు. నేను పోలిష్ నేర్చుకుంటున్నానా, లేక పోలిష్ వంకతో నా తెలుగు వ్యాకరణమే మళ్ళీ చదువుకుంటున్నానా? ప్రతి పాఠంలోనూ నాకు ముందే తెలిసినదాన్ని వెతికి పట్టుకుంటున్నాను. దొరికితే సంతోషం. దొరక్కపోతే ఆ పాఠం మీద ఆసక్తి తగ్గుతోంది. జీవితమంతా బల్లకి అటువైపు నిలబడ్డ మనిషిని. విద్యార్థి బెంచీ మీద కూర్చున్నా నా చూపు నల్లబల్ల మీదే ఉంది. నియమం తెలిసిన మనిషిగా ఉండటం నాకు ఇష్టం. తడబడుతూ మాట్లాడే మనిషిగా ఉండటం ఇష్టం లేదు. పుస్తకం ఎంపికలో పైకి చెప్పని మొదటి కారణం ఇదే.

అలాగని వ్యాకరణం నాకిచ్చినదంతా గర్వమే కాదు. ఒక అధ్యాయం నన్ను బాగా కలవరపెట్టింది. ఆ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి.

చిన్నయసూరి బాలవ్యాకరణం 1858లో వచ్చింది. ఆడవాళ్ళనీ, పశుపక్ష్యాదుల్నీ, ప్రాణం లేనివాటినీ పక్కకి తీసి, తక్కినవాటిని మహత్తు అన్నాడాయన. అది ఆయన కల్పించింది కాదు, భాషలో ఉన్నదాన్ని చెప్పాడు. నాన్న వచ్చాడు. అమ్మ వచ్చింది, దూడ వచ్చింది, బండి వచ్చింది. అమ్మకీ బండికీ ఒకటే క్రియ. బహువచనంలో మాత్రం అమ్మలు పైకొస్తారు. నాన్నలు వచ్చారు, అమ్మలు వచ్చారు, బండ్లు వచ్చాయి. ఈ పాఠం చెబుతుంటే ఓ ఏడాది ఒక పిల్ల లేచి, మరి మేం ఎప్పుడూ గుంపుగానే ఉండాలా టీచర్ అని అడిగింది. క్లాసు నవ్వింది. నేను నవ్వలేదు. జవాబు మాత్రం చెప్పలేదు. భాష అలా ఉందమ్మా అని మాత్రం అన్నాను.

పోలిష్‌లో ఈ లెక్క తలకిందులుగా ఉంది. ఏకవచనంలో ఆడవాళ్ళకి వేరే క్రియారూపం ఉంది, మగవాళ్ళకి వేరే, నపుంసకానికి వేరే. బహువచనానికి వచ్చేసరికి రెండే గుంపులు. మగ మనుషులు ఒక గుంపు. తక్కినవన్నీ, అంటే ఆడవాళ్ళు, పిల్లలు, జంతువులు, వస్తువులు కలిపి రెండో గుంపు. నాన్నలు వచ్చారనడానికి ‘ప్షిష్లి’, అమ్మలు వచ్చారనడానికి ‘ప్షిష్వి’. నిండా ఆడపిల్లలున్న గుంపులో ఒక్క మగపిల్లాడు చేరితే చాలు, గుంపంతా మొదటి రూపంలోకి మారిపోతుంది. తెలుగు ఏకవచనంలో చేసిన పనిని పోలిష్ బహువచనంలో చేసింది. ఆ పిల్ల ఇప్పుడు ఎక్కడుందో. ఉంటే ఈ రెండు పట్టికలూ పక్కపక్కన పెట్టి చూపించేదాన్ని. ఆమె ప్రశ్నకి ఇప్పటికీ జవాబు లేదు. కానీ ఆ రోజు ‘భాష అలా ఉంది’ అని తలుపు వేసేసిన తీరు నాకు ఇప్పుడు నచ్చడం లేదు.

ఇంకొకటి కూడా ఉంది. తెలుగులో చదివాను, తిన్నాను, వెళ్ళాను అంటే ఆ మాట ఆడమనిషిదో మగమనిషిదో క్రియ చెప్పదు. పోలిష్‌లో అలా కుదరదు. చదివానని మగవాడంటే ‘చితావెమ్’, నేనంటే ‘చితావమ్’. భూతకాలంలో నా గురించి ఏం చెప్పుకున్నా ముందు ఆడదాన్నని చెప్పుకోవాలి. అభ్యాసాల్లో మగరూపాన్నే నమూనాగా ఇచ్చినప్పుడు నా వాక్యాన్ని నేను మార్చి రాసుకోవాలి. మొదట్లో అది విసుగ్గా ఉండేది. తర్వాత తర్వాత, మార్చి రాసిన వాక్యమే నాదని అనిపించసాగింది.

ఇక మా అమ్మాయి పని వేరు. పోలండ్‌లో యూరోపియన్ యూనియన్ దీర్ఘకాల నివాసపు అనుమతికి 2018 నుంచి భాష వచ్చినట్టు రుజువు చూపించాలి. అర్హతలున్నవాళ్ళకి పౌరసత్వం ఇచ్చే పద్ధతిలో కూడా, 2012లో అమల్లోకి వచ్చిన చట్టం ప్రకారం, అదే షరతు. అంతా కోరేది బి1 స్థాయి, అంటే మధ్యస్థాయి. ప్రభుత్వ పరీక్ష ఉంటుంది. వినడం, చదవడం, వ్యాకరణ శుద్ధి, రాయడం, మాట్లాడటం, ఇవి ఐదు భాగాలు. పగలంతా ఆఫీసులో ఇంగ్లీషుతో బతికే మనిషి సాయంత్రం పిల్లాణ్ణి చూసుకుంటూ దీనికి చదవాలి. నేను ఫోన్లో ఔపవిభక్తికాల సంగతి ఉత్సాహంగా చెబుతుంటే ఓ రోజు అది, “అమ్మా, ఎందుకు అలా అవుతుందో నాకు అక్కర్లేదే. నోటికి రావాలి, అంతే. నువ్వు నాతో నాలుగు ముక్కలు మాట్లాడు చాలు” అంది. నొచ్చుకోలేదు. కానీ ఆ రాత్రి చాలాసేపు ఆలోచించాను. దానికి కావలసింది టీచరు కాదు. ఎదురుగా కూర్చుని తప్పులు మాట్లాడే తోటి విద్యార్థి. ఆ పని బ్యెలెౘ్ పుస్తకంతో జరగదు.

ఇప్పుడు మనవడి సంగతి. వాడికి తెలుగు వచ్చు. నాతో తెలుగే మాట్లాడతాడు, అమ్మమ్మా అనే పిలుస్తాడు. కథ చెప్పమంటాడు, చెబితే తప్పులు పట్టుకుంటాడు. వాడితో మాట్లాడటానికి నాకు పోలిష్ అవసరం లేదు. ఇది నాకు మొదటినుంచీ తెలుసు, అయినా మనవడి కోసమే అంటూ వచ్చాను. అక్కడికీ మనకీ చలికాలంలో నాలుగున్నర గంటలు, ఎండాకాలంలో మూడున్నర గంటల తేడా. వాళ్ళ సాయంత్రం మనకి పడుకునే వేళ. ఆ వేళ వీడియో కాల్‌లో అమ్మాయి వంట చేసుకుంటూ మాట్లాడుతుంది, పిల్లాడు వెనక నేల మీద కూర్చుని బొమ్మ బస్సు తోసుకుంటూ ఉంటాడు. తనలో తాను మాట్లాడుకుంటాడు. అది పోలిష్. ఆ మాటలే నాకు కావాలి.

అంటే వాడు నాతో మాట్లాడనప్పటి మాటలు వినడానికి నేను ఈ భాష నేర్చుకుంటున్నాను. ఇది తెలిశాక దీన్ని ఏమనాలో నాకు తోచలేదు. ప్రేమ అందులో ఉంది, సందేహం లేదు. వాడిలో నాకు అందని గది ఒకటి ఏర్పడుతోందన్న భయమూ ఉంది. ఆ గదికి తాళంచెవి సంపాదించాలన్న పట్టుదల కూడా ఉంది. ఈ మూడోదానికే పాఠ్యపుస్తకాల మీద అంత తొందర. ఆటలో పిల్లాడు తనకి తాను చెప్పుకునే మాట వినే హక్కు అమ్మమ్మకి ఉందా?

మా అమ్మకి చదువు రాదు. జగ్గయ్యపేటలో ఎండాకాలం మిరపకాయల తొడిమలు తీస్తూ కూర్చునేది, పక్కనే నేను నోటుబుక్కులో ఏదో రాసుకుంటూ ఉండేదాన్ని. ఏం రాస్తున్నావని ఎప్పుడూ అడగలేదు. తెలుసుకోవాలని లేకనా? ఉండే ఉంటుంది. నా పెళ్ళి మాటలప్పుడు, అది ఏదో రాసుకుంటుంది, దానికి ఓ బల్ల ఇవ్వండి అని మా వారితో అందట. ఆయన చెబితే తెలిసింది. నేనేం రాసుకుంటున్నానో చదవలేకపోయినా, రాసుకోవడానికి చోటు కావాలని అమ్మకి తెలుసు. నేను ఇన్ని చదివినా ఆ పని చేయగలనా అన్నది నాకు పుస్తకాలకన్నా పెద్ద ప్రశ్న అయింది.

మా నాన్న తరంలో ఈ మెట్ట ఊళ్ళలో స్లావ్ సాహిత్యం కొత్త కాదు. విశాలాంధ్ర వాళ్ళు తెచ్చే సోవియట్ పుస్తకాలు మా ఇంట్లో ఉండేవి. ఉప్పల లక్ష్మణరావు, ఆర్వీయార్ లాంటివాళ్ళు మాస్కోలో కూర్చుని వాటిని తెలుగు చేశారు. అటువైపు నుంచీ వంతెన కట్టారు. జెనిత్, పెత్రునిచెవా, గురోవ్ కలిసి 1972లో తెలుగు-రష్యన్ నిఘంటువు తెచ్చారు. పోలిష్‌కి అలాంటిదేదీ నా చేతికి అందలేదు. నా నిఘంటువు పోలిష్-ఇంగ్లీషు. ప్రతి మాటా ఇంగ్లీషు మీదుగా తిరిగి వస్తుంది. చదివాను, చదివేశాను అన్న తేడా తెలుగు పిల్లాడికి పుట్టుకతో వస్తుంది. పోలిష్‌లో ఆ తేడాకి క్రియలు జంటలుగా ఉంటాయి: చదువుతూ ఉన్నానంటే ‘చితావమ్’, చదివేశానంటే ‘ప్షెచితావమ్’. ఇంగ్లీషులో దీన్ని వివరించడానికి బ్యెలెౘ్ పడే ప్రయాస చూస్తే జాలేస్తుంది. తెలుగులో రెండు వాక్యాల్లో తేలిపోయేది.

నందిగామలో పుట్టి ఆంధ్రప్రదేశ్ శాసనసభకి తొలి స్పీకరైన అయ్యదేవర కాళేశ్వరరావు ఫ్రాన్సు గురించీ చైనా గురించీ తెలుగులో పుస్తకాలు రాశారు. ఉమాదేవి పేరుతో మన దేశంలో బతికిన పోలిష్ స్త్రీ వాండా దినోవ్‌స్కా 1944లో మద్రాసులో పోలిష్-భారతీయ గ్రంథమాల మొదలుపెట్టి, భగవద్గీతని తన భాషలోకి తీసుకుపోయారు. వాళ్ళు దూరం నుంచి తెచ్చినదాన్ని తమవాళ్ళందరి ముందూ పెట్టారు. నేను తెచ్చుకోవాలనుకున్నది ఒక పిల్లాడి మాటలు, అదీ నాకోసమే. వాళ్ళ పక్కన నన్ను నిలబెట్టుకోవడం సరికాదు, తెలుసు. కానీ నేర్చుకున్న భాషతో ఏం చేస్తామన్నది అందరికీ ఒకటే ప్రశ్న కదా.

చివరికి ‘క్రోక్ పో క్రోకు’ రెండో భాగమే ఖాయం చేసుకున్నాను. కారణం మా అమ్మాయి. ఆ పుస్తకం ఒంటరిగా చదివితే సగం పాఠాలు ముందుకు సాగవు, ఎదురుగా మనిషి కావాలి. నువ్వడుగు నేను చెబుతాను, నువ్వు కొట్టువాడివి నేను కొనేదాన్ని అన్న తరహా పాఠాలు. ఇన్నాళ్ళూ నేను తప్పించుకు తిరిగినవి అవే. ఆదివారాలు ఫోన్లో ఇద్దరం కలిసి చేస్తున్నాం. గమన క్రియల పాఠానికి వచ్చాం. ‘యెహావ్’ అనే ఒక్క క్రియ ముందు చిన్న ముక్క మారిస్తే బయల్దేరడం, దాటడం, చేరడం, వెళ్ళిపోవడం అన్నీ వస్తాయి. పుస్తకంలో అక్కడి రైలు ప్రయాణం ఉంది. మేం దాన్ని మార్చుకున్నాం. బస్సు జగ్గయ్యపేటలో బయల్దేరింది, చిల్లకల్లు దాటింది, నందిగామ చేరింది. అమ్మాయి ఆపకుండా చెప్పేసింది. నేను రెండుచోట్ల విభక్తి తప్పాను. అది దిద్దింది, వాక్యం మళ్ళీ చెప్పాను. ఎందుకని అడగలేదు.

పిల్లాడు అదే వేళ వెనకాల బస్సు తోస్తూ ‘ఓత్యెహావ్’ అన్నాడు. వెళ్ళిపోయిందని. అర్థమైంది, పాఠంలో ఉన్న మాటే. వాణ్ణి పిలవలేదు, నాకు తెలిసిందని చెప్పలేదు. చెప్పకూడదని నిర్ణయించుకునేమీ కాదు, పాఠం మధ్యలో ఉన్నాం. ఇంకోసారి చెబుతానేమో కూడా.

అమ్మాయిని జనవరిలో వచ్చేటప్పుడు నాకూ ఓ ప్రతి తెమ్మన్నాను. ప్రస్తుతానికి అది ఫొటోలు తీసి పంపిన పేజీలతో నడుస్తోంది. తర్వాతి పాఠం సంఖ్యలు. రెండు పుస్తకాలు ‘ద్వ్యె క్షొంష్కి’, ఐదు పుస్తకాలైతే ‘ప్యెంచ్ క్షొంజెక్’. ఐదు నుంచి నామవాచకం షష్ఠిలోకి పోతుంది, క్రియ ఏకవచనమవుతుంది. ఇరవై రెండు దగ్గర నామవాచకం మళ్ళీ రెండు దారికే వస్తుంది, పన్నెండు దగ్గర మాత్రం రాదు. ఆ ఒక్క పాఠానికి బ్యెలెౘ్ పుస్తకం పక్కన పెట్టుకుంటానని ముందే చెప్పాను. సరేనంది.